గుండె ఉలిక్కిపడిన చోటు

భయం మీద పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పుకోవడానికి భవానికి మొదట్లో సిగ్గేసేది. వేయదా మరి? హాస్టల్లో ఒకమ్మాయి పత్తి పురుగు మీద చేస్తోంది, ఇంకొకామె చెరువు నీళ్ల మీద చేస్తోంది, ఈవిడగారేమో వీడియో గేము ఆడేవాడికి ఏ శబ్దం వింటే ఒళ్లు జలదరిస్తుందో కనిపెడుతుందట. ఊళ్లో సమ్మమ్మ అవ్వ అయితే ఈ మాట విని కడుపు పట్టుకుని నవ్వింది. మనుషుల్ని భయపెట్టడానికి అంత చదువెందుకు, మీ అమ్మమ్మ చేతికి ఒక చీపురిస్తే చాలదా అంది.

వరంగల్‌లో భవాని చదివే కాలేజీకి హైదరాబాద్‌లోని ఒక గేముల కంపెనీతో ఒప్పందం ఉంది. కంపెనీ కంప్యూటర్లూ హెడ్‌ఫోన్లూ ఇస్తుంది, తాను తయారు చేస్తున్న దయ్యాల గేమునూ ఇస్తుంది. భవాని హాస్టల్ పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వేలికి క్లిప్పు తగిలించి ఆ గేము ఆడిస్తుంది. ఎక్కడెక్కడ గుండె వేగం పెరిగిందో తెర మీద గీతగా వస్తుంది. ఆ గీతలే ఆమెకు థీసిస్, అవే కంపెనీకి సరుకు. గైడు చంద్రమౌళి సార్‌కి ఈ పొత్తంటే ప్రాణం. డిపార్ట్‌మెంటు మొత్తంలో ఇంకెవరికీ లేని ఏసీ గది తనకు దక్కిందని ఆయన సంబరం ఆయనది.

అన్నీ ఉన్నాయి గానీ భయమే రాలేదు. నక్క ఊళలు పెట్టారు, తలుపు కిర్రుమనిపించారు, ఆడమనిషి కెవ్వుమనే కేకలు నాలుగు రకాలు పెట్టి చూశారు. పిల్లలు ఆవలించారు. ఒక మహానుభావుడు క్లిప్పు వేలికి ఉండగానే గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఆ గీత చూసి సార్ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కంపెనీ తరఫున వచ్చే ప్రేమలత మేడమ్ మాత్రం మర్యాదగానే అడిగింది, మీ వైపు మనుషుల అసలు గొంతు ఏదైనా దొరుకుతుందా అని. అలాంటిది తన ఫోన్లోనే ఒకటి ఉందని భవానికి అప్పుడు గుర్తొచ్చింది.

భవానిని పెంచింది అమ్మమ్మ మొగిలమ్మ. తల్లీతండ్రీ మహారాష్ట్రలోని భీవండి మగ్గాల మీదికి పనికి పోయి అక్కడే ఉండిపోతే, నెక్కొండ అవతలి పల్లెలో ఈ పిల్లను దగ్గర పెట్టుకుని, కూలికి పోయి చదివించింది. భవాని ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఆమె చేసే మొదటి పని తలుపు దగ్గరికి వేసి దిష్టి తీయడం. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని మనవరాలి తల చుట్టూ తిప్పుతూ లోగొంతుతో గొణుగుతుంది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని లోకమంతా అనే మాటలే. కాకపోతే మొగిలమ్మ అక్కడితో ఊరుకోదు. పిల్ల బస్సు దిగిన దగ్గర్నుంచి గడపలోకి వచ్చేదాకా ఎవరెవరు చూశారో గుర్తుపెట్టుకుని అందరి పేర్లూ తలుస్తుంది, ఒక్కరిని వదిలినా దిష్టి మిగిలిపోతుందని ఆమె నమ్మకం. కట్టయ్య కండ్లు పగలాలె, సమ్మమ్మ కండ్లు పగలాలె, వీరభద్రం కండ్లు పగలాలె. అందులో పగా లేదు, కోపమూ లేదు. వంటలో ఉప్పు వేసినట్టు పేర్లు వేస్తుంది, అంతే. చివరికి గుప్పెడూ పొయ్యిలో పడేస్తే మిరపకాయలు పటపటమంటాయి.

ఎండాకాలంలో ఊరెళ్లినప్పుడు భవాని ముచ్చటపడి దాన్ని రికార్డు చేసింది. తర్వాత కాలేజీ కాగితం మీద అమ్మమ్మతో సంతకం పెట్టించుకుంది కూడా. దేనికని మొగిలమ్మ అడిగితే చదువుకని చెప్పింది. చదువుకైతే ఎన్నయినా పెడతానని ఆమె వంకర టింకరగా తన పేరు గీసిచ్చింది.

ల్యాబులో ఆ గొణుగుడు వినిపించిన రోజు తెర మీద గీత ఎగిరెగిరి పడింది. ఒడిశా పిల్ల హెడ్‌ఫోన్లు విసిరేసి లేచి నిలబడింది. కేరళ నుంచి వచ్చిన అబ్బాయికి మాటల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా చెమటలు పట్టాయి. అందరికీ గుండె ఉలిక్కిపడింది ఒకేచోట, వీరభద్రం పేరు వచ్చి, గొంతు అడుగంటి, వెంటనే మిరపకాయ పేలిన చోట. భవాని అక్కడ ఎర్ర రంగుతో సున్నా చుట్టింది. చంద్రమౌళి సార్ స్వీట్లు తెప్పించాడు. ఒప్పందం ప్రకారం రికార్డింగూ గీతలూ కంపెనీకి వెళ్లిపోయాయి. పేర్లు తీసేసి పంపాలన్న ఆలోచన భవానికి రానే లేదు. చిన్నప్పటి నుంచి తల మీద తిరిగిన ఆ గొణుగుడు ఆమెకు జోలపాటే తప్ప, అందులోని పేర్లు పేర్లుగా ఏనాడు వినపడ్డాయి గనక!

వానాకాలంలో వీరభద్రానికి కన్ను పోయింది. అమ్మమ్మ వాళ్ల ఎదురింటి మనిషి, వరసకు మామ. పత్తిచేలో పురుగుమందు కొడుతుంటే గాలికి కంట్లో పడింది. నీళ్లతో కడుక్కుని, ఊళ్లో డాక్టరు దగ్గర చుక్కలు వేయించుకుని, చీము పట్టాక వరంగల్ దవాఖానకు వచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ వారమంతా అతనికి చీటీలు రాయించి, టీ తెచ్చిచ్చి, భార్యకు ధైర్యం చెప్పింది భవానే. ఆ కంటికీ తన రికార్డింగుకూ ఏదో సంబంధం ఉందని ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే వాళ్లకు పిచ్చెక్కిందనుకునేది.

దీపావళి దాటాక కంపెనీ గేములో కొంత భాగాన్ని డెమో పేరుతో జనంలోకి వదిలింది. ఎవరి ఫోన్లో వాళ్లు ఆడుకోవచ్చు. పాడుబడ్డ ఇల్లు, లోపలి గదిలో తల విరబోసుకున్న ముసలామె. ఆటగాడు తలుపు నెట్టగానే ఆమె వెనక్కి తిరిగి ఒక్క మాట అంటుంది. ఆ మాటను బాగా సాగదీసి, గొంతు బొంగురు చేసి పెట్టారు. అయినా కన్నవాళ్ల కంటే ఎక్కువగా విన్న గొంతు, భవాని ఒక్క క్షణంలో పోల్చుకుంది, అందులోని పేరు మాత్రం ఎప్పట్లాగే ఆమె చెవికెక్కలేదు. తన పని లోకంలోకి వచ్చిందని గర్వపడింది, ఆ రాత్రి హాస్టల్లో అందరికీ ఆడించి చూపించింది కూడా.

మూడో వారంలో, ఒక పొద్దున ఆమె ల్యాబులో ఉండగా సమ్మమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ కేకలేసి మాట్లాడే మనిషి, ఆ రోజు ఎవరికో వినపడుతుందేమోనన్నట్టు మెల్లగా మాట్లాడింది.

"మీ అమ్మమ్మ గొంతు ఫోన్లల్ల వస్తాందే పిల్లా. వీరభద్రం కండ్లు పగలాలె అంటాంది. ఊరంత ఇంటాండ్లు."

డెమో మా ఊరిదాకా పోయిందా అని భవానికి ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ తర్వాత సమ్మమ్మ అన్నది బుర్రకెక్కింది. బాణామతి, చేతబడి అన్న మాట సమ్మమ్మ అనలేదు. అనకుండా దాటేసి, జర తొందరగా రమ్మని పెట్టేసింది. అందుకే భవానికి ఇంకా భయమేసింది. ఆ పేరు పడ్డ ఆడమనిషి గతేమిటో ఈ చుట్టుపక్కల పుట్టిన వాళ్లకు ఒకరు చెప్పాలా? మంత్రం పలకకుండా పళ్లు ఊడగొడతారని చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే దుప్పట్లోంచి విన్నది. అమ్మమ్మకు ఈ వయసులోనూ ఒక్క పన్ను కదల్లేదు. ఇప్పటికీ చెరుకుగడ కొరికి తింటుంది.

చంద్రమౌళి సార్ మొదట నమ్మలేదు. ఈ కాలంలో కూడానా అన్నాడు. ఆమె ముఖం చూశాక ప్రేమలతకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. పాపం ఆమె నిజంగానే హడలిపోయింది. సాయంత్రంలోగా డెమో తీయిస్తానని మాటిచ్చింది, కానీ జనం ఆ ముక్కను వీడియోలు చేసి ఎక్కడెక్కడో పెట్టుకున్నారనీ వాటిని తీయించడం తన చేతిలో లేదనీ చెప్పింది. అంత రికార్డింగులో ఆ ఒక్క మాటే ఎందుకు తీసుకున్నారు మేడమ్ అని భవాని అడిగింది.

"మీరు గుర్తు పెట్టింది అక్కడే కదా భవానీ," అంది ప్రేమలత.

ఒంటరిగా వెళ్లొద్దు, నాకు తెలిసిన ఎస్సై ఉన్నాడు, మాట్లాడతాను, జర ఆగమని సార్ అంటూనే ఉన్నాడు. మంచివాడే గానీ ఆయన మాట్లాడి, వాళ్లు కదిలి, ఎప్పటికి అయ్యేను? భవాని ఆగలేదు. స్టేషన్‌కు పరుగెత్తి నెక్కొండ వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కింది.

రైల్లో కూర్చున్నాక ఆమెకు ఒక ఉపాయం తోచింది. ఊళ్లో విన్నది ముక్క. మొత్తం వినిపిస్తే అది దిష్టి అని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది, వాళ్ల ఇళ్లలోనూ తీసేదే గదా. అసలు రికార్డింగు ఫోన్లో ఉంది. రుజువు చేతిలో ఉండగా భయమెందుకని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. పరిశోధన చేసే పిల్ల, రుజువంటే అంత నమ్మకం. నెక్కొండలో దిగగానే ఊరికి ఆటో మాట్లాడుకుంది.

పత్తి ఏరే రోజులు. ఆ వేళకు వాడకట్టులో ముసలివాళ్లూ కోళ్లూ తప్ప ఎవరూ ఉండకూడదు. ఆటోను ఊరి మొదట్లో ఆగమని చెప్పి నడిచొచ్చి చూస్తే అందరూ ఉన్నారు. అరుగుల మీద, గోడలకు ఆనుకుని, ట్రాక్టరు పక్కన. ఎవరూ అరవడం లేదు, తిట్టడం లేదు. ఆమెను చూసి పలకరించలేదు కూడా. ఎండ ఫెళఫెళలాడుతుండగా అంతమంది ఉండి అంత నిశ్శబ్దంగా ఉన్న ఊరును భవాని ఎన్నడూ చూడలేదు. మొగిలమ్మ మాత్రం తన గడప లోపల కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. రెండు పక్కల ఇళ్ల కిటికీలూ మూసి ఉన్నాయి.

వీరభద్రం ఎదురు అరుగు మీద నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. భవాని అతని ముందు నిలబడి అంతా చెప్పింది. గేము సంగతీ, దిష్టి సంగతీ, దవాఖానలో డాక్టరు చెప్పిందీ. తప్పు తనదేనంది. అతను ఓపికగా విన్నాడు. మందు కంట్లో పడ్డది నిజమేనన్నాడు. మందు కొట్టే వాళ్లందరికీ పడుతుంది, అందరికీ పోని కన్ను నాకే ఎందుకు పోయింది అని అడిగాడు.

"నాకు పగ లేదు పిల్లా," అన్నాడు వీరభద్రం. "ఉన్న ఒక్క కన్నన్న ఇడిసిపెట్టుమని మీ అమ్మమ్మకు జెప్పు."

అతను నటించడం లేదు. హడలిపోయి ఉన్నాడు. అది అర్థమయ్యాక భవానికి కోపం పోయి, దాని చోట్లో భయం వచ్చి కూర్చుంది. కోపంగా ఉన్నవాడికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, ఇంతగా బెదిరిపోయిన వాడికి ఏం చెప్పాలి? ఇక ఆలస్యం చేయకుండా ఫోన్ తీసి, ఇదిగో మొత్తం వినండి, మీ ఇండ్లల్ల తీసే దిష్టేనని చెప్పి, చప్పుడు పెంచి పైకెత్తి పట్టుకుంది.

ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొగిలమ్మ గొంతు మామూలుగా, ముద్దుగా మొదలైంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల ముఖాలు కాస్త సడలాయి. ఒకామె అవునవునని తలూపింది కూడా. భవాని ఊపిరి పీల్చుకుంది. అంతలో పేర్లు మొదలయ్యాయి.

కట్టయ్య కండ్లు పగలాలె.

ట్రాక్టరు దగ్గర నిలబడ్డ కట్టయ్య తల పైకెత్తాడు. వెనకే లక్ష్మీనర్సమ్మ పేరు వచ్చింది. ఆమె చంకలోని మనవరాలిని గట్టిగా అదుముకుంది. అప్పుడు తెలిసింది భవానికి తను చేసిన పనేమిటో. ఇప్పటిదాకా అది వీరభద్రం ఒక్కడి భయం. దాన్ని ఇంటింటికీ తనే పంచిపెడుతోంది. నా బర్రె ఊకెనే సచ్చిందంటె ఎందుకో అనుకున్న అని కట్టయ్య ఎవరితోనూ కాకుండా అన్నాడు. కోడలికి కడుపు నిలవలేదని లక్ష్మీనర్సమ్మ ఏడుపు గొంతుతో గుర్తుచేసింది. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క కష్టం దొరికింది. కష్టం లేని ఇల్లుంటే కదా, దొరక్కపోవడానికి?

భవాని గబగబా ఆపబోయింది. ఎవరో వెనక నుంచి ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఆపకు. ఇంక ఎవరి పేరున్నదో ఇననియ్యి."

సమ్మమ్మ పేరు వచ్చింది. పొద్దున ఫోన్ చేసి రమ్మన్న సమ్మమ్మ, నలభై ఏళ్లుగా మొగిలమ్మతో ఒకే చేలో ఒకే సాలు పట్టిన సమ్మమ్మ. అప్పటిదాకా భవాని పక్కనే, భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఇప్పుడు ఆ చెయ్యి తీసేసింది. కొంగు దగ్గరికి లాక్కుని, రెండడుగులు వెనక్కి వేసి, జనంలో కలిసిపోయింది. ఫోన్లో చివరగా వీరభద్రం పేరూ వచ్చి, మిరపకాయలు పేలాయి. అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

మణికట్టు వదిలించుకుని భవాని గడపలోకి పరుగెత్తింది. చేట పక్కన పెట్టించి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. ఏందే, ఎక్కడికే అని మొగిలమ్మ అడగలేదు. చెప్పులేసుకుంది. ఆటో ఊరి మొదట్లో ఉంది. అక్కడిదాకా నడవాలి. ఆ నడకలో ఏదైనా జరగవచ్చని భవానికి తెలుసు, అమ్మమ్మకూ తెలుసు. ఎందుకంటే ఆమె వేళ్లు మనవరాలి వేళ్లను నొక్కి పట్టుకున్నాయి.

జనం దారి ఇచ్చారు. మామూలుగా పక్కకు జరిగినట్టు కాదు, గోడలకు అతుక్కుపోయారు. తల్లులు పిల్లల ముఖాల మీద కొంగులు కప్పారు. మగవాళ్లు తలలు తిప్పుకున్నారు. మొగిలమ్మ చేతుల మీద పుట్టిన పిల్లలు ఆ వాడలో పదిమంది దాకా ఉంటారు, వాళ్లలో పెద్దది ఇంట్లోకి పరుగెత్తి తలుపేసుకుంది. వెనక నుంచి ఒక రాయి వచ్చి కాళ్ల దగ్గర పడింది. ఇంకొకటి వస్తే ఇక ఆగవు. కట్టయ్య ట్రాక్టరు వదిలి రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

అరుగు మీంచి వీరభద్రం పోనియ్యమన్నాడు. జాలితో కాదు. ముఖం గోడకు తిప్పుకుని, రెండు చేతులూ నల్లద్దాల మీద కప్పుకుని, తొందరగా పోనియ్యండి, ఆమె ఇటు సూడకముందే పోనియ్యండి అన్నాడు. కట్టయ్య పక్కకు తప్పుకున్నాడు.

నెక్కొండ స్టేషన్లో రైలుకు ఇంకా టైముంది. భవాని అమ్మమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చుంది. బతికి బయటపడ్డామని అప్పుడు గాని నమ్మకం కలగలేదు. ఫోన్లో ప్రేమలత మెసేజ్ వచ్చి ఉంది. డెమో తీసేశామనీ, జరిగినదానికి ఎంతో బాధగా ఉందనీ రాసింది. కిందనే ఇంకో మాట. ఆ గొంతుకు వచ్చినంత స్పందన ఇంకదేనికీ రాలేదనీ, కాస్త కుదుటపడ్డాక, పేర్లు లేకుండా అమ్మమ్మగారితో మళ్లీ చెప్పించగలరా అనీ. భవాని ఫోన్ సంచిలో కుక్కేసింది.

నాలుగు రోజులు నా దగ్గర ఉండు, సార్ ఎస్సైతో మాట్లాడతాడు, డాక్టరును తీసుకొచ్చి ఊళ్లో చెప్పిద్దాం, ఫికర్ చేయకు అని భవాని ఏదేదో చెబుతూ పోయింది. మొగిలమ్మ పట్టాల వైపు చూస్తూ వింది. చాలాసేపటికి అడిగింది.

"ఆ ఫోన్లది నా గొంతేనా?"

నీదేగానీ కంపెనీ వాళ్లు మార్చారని భవాని చెప్పింది.

"పొద్దుగాల పోరగాండ్లు తలుపు కాడ పెట్టి ఇనిపిచ్చిండ్లు. నాకే దడుపు పుట్టింది బిడ్డా. గట్ల ఉంటదా నేను మాట్లాడితె?" మళ్లీ తనే అంది. "నేను అన్నది నిజం. ఆయన కన్ను పోయింది నిజం. మరి ఊరోళ్లది తప్పేముందే?"

భవాని పురుగుమందు గురించి మొదలుపెట్టింది, చీము గురించి చెప్పింది, ఆలస్యం గురించి చెప్పింది. వీరభద్రానికి చెప్పినవే. మొగిలమ్మ కూడా వీరభద్రంలాగే ఓపికగా విని తలూపింది. రాళ్లనుంచి, పళ్లు ఊడగొట్టే చేతులనుంచి లాక్కొచ్చానని పొంగిపోయిన పిల్లకు, లాక్కురాలేకపోయినదేదో అప్పుడు కనబడింది. ఆమె ఏడుస్తూ లేచి, అమ్మమ్మ ఎదురుగా కింద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, నన్ను చూడు అమ్మమ్మా, ఒక్కసారి నా ముఖం చూడమని బతిమాలింది.

మొగిలమ్మ చేతులు విడిపించుకుంది. కొంగు తీసి ముఖం మీదికి నిండా లాక్కుంది.

"నా ఎదురుంగ కూసోకు బిడ్డా. పక్కకు పో. నేను సూత్తె నీకేమన్న అయితది."

రైలు వచ్చింది. భవాని చెయ్యి పట్టి ఎక్కించింది. వరంగల్ వచ్చేదాకా మొగిలమ్మ ముఖం మీంచి కొంగు తీయలేదు.